జానెడు తక్కువ

నయీంనగర్ల మూడో అంతస్తు గది.
కిరాయి నాలుగువేల ఎనిమిది వందలు, ముగ్గురం.
కిటికీ మాత్రం
ఊరందరిది.

ఎదురు డాబా మీద ఒక పెద్దమనిషి
ట్యాంకు నిండిందా అని చూసే వంకన
మా గది నిండిందా అని చూస్తడు.
మాపటి దాక పడమటి ఎండ,
రాత్రంత వీధిలైటు.
మా పుస్తకాలు మాకంటె ఎక్కువ
అదే చదివింది.

ఓనరు యాదగిరి సారు తాళంచెవి ఇచ్చిననాడే చెప్పిండు:
"గోడకు మేకు పడితే అడ్వాన్సుల అయిదు వందలు కోత."
ఒక్క మేకు, అయిదు వందలు.
అంత పిరమైన ఇనుము
నేను ఎకనామిక్స్ పుస్తకంల గూడ చూడలే.

మొదటి వారం పేపర్లు.
సారక్క మైదాపిండి ఉడికించింది.
తొందర్ల ఒక పేజీ తలకిందులైంది,
పళ్లు తోముకుంట తోముకుంట
బోరుబండి ప్రకటన కిందికెల్లి మీదికి చదువుడు నేర్చుకున్న.
బొద్దింకలకు మైదా రుచి తెలిసింది.
పది రోజులకు వార్తలన్ని పసుపుపచ్చగైనయి.
ఒక మూలకు ఊడిపోయి
శ్రద్ధాంజలి ఫోటోలు రాత్రంత టపటప కొట్టుకునేటివి.

తర్వాత ఫ్లెక్సీ.
కోచింగ్ సెంటరోళ్లు పాతది దించుతుంటే
నుస్రత్ అడిగి తెచ్చింది, ఫ్రీగ.
ముప్పై ఆరు మంది ర్యాంకర్లు.
మొఖాలు బయటికి పెట్టి కట్టినం,
ట్యాంకు పెద్దమనిషి చూసుకోనీ అని.
కని మూడింటికి
ఎండ వాళ్ల ఎనుకకెల్లి లేస్తది.
ముప్పై ఆరు మంది లోపలికి తిరిగి
పండుకున్నమా, చదువుతున్నమా అని చూస్తరు.
సారక్కకు బ్యాక్‌లాగులు రెండు.
ఆమెనే కత్తెర పట్టుకొచ్చి దించింది.

షోరూంల పరదల జత పదకొండు వందలు.
రాడ్డు వేరే, డ్రిల్లింగు వేరే.
ముట్టి చూసి, మడత చెడకుంట పెట్టి
బయటికొచ్చి చెరుకురసం తాగినం.
ముగ్గురికి రెండు గ్లాసులు.

ఇగ కొత్తవాడ.
కిటికీ కొలతకు సుతిలికి ముడులేసి తీసుకపోయినం.
ఎలగం కనకయ్య మగ్గం ఆపి విన్నడు.
"పరదకా? జంపఖాన కింద పరిచేది బిడ్డా.
దీనికి పండుడే తెలుసు, నిలబడుడు రాదు."
"మేం నేర్పుతం తాతా" అన్నది నుస్రత్.
ఆయన నవ్వలేదు. లోపలికి పోయి
ఒకటి తెచ్చిండు. ఎర్ర నూలు అయిపోతే
చివర నీలం కలిపిందట,
ఆర్డరోళ్లు వద్దన్నరట.
సుతిలి పక్కన పరిచి చూసిండు.
"జానెడు తక్కువైతది."
నూట ఎనభై అన్నడు.
మా తాన నూట నలభై.
మిగిలిన నలభైకి సారక్క తన సెల్లుల
ఆయన పింఛను ఫారం నింపింది.

మేకు లేదు.
కిటికీ చువ్వలకు సుతిలి,
సుతిలికి ఇరిగిన మాపు కట్టె,
కట్టెకు జంపఖాన, దబ్బనంతోని కుట్టినం.
మొదటి రాత్రి మొత్తం దుబ్బుమని పడ్డది,
కింది పోర్షనోళ్లు లేచి లైటేసిండ్రు.
రెండో రాత్రి సుతిలి రెండు పేటలు.
మూడో రాత్రి
అది నిలబడుడు నేర్చుకున్నది.

గది మొదటిసారి చీకటైంది.
చదువుడు బంద్ పెట్టి
ఊరికే, ఏం పనిలేకుంట
ముగ్గురం జుట్లు ఇప్పుకోని కూసున్నం.
నుస్రత్ లేచి ఎవరిదో పెండ్లి బారాతు డాన్సు చేసింది,
మోకాలికి స్టవ్వు తగిలినా ఆపలేదు.
ఆరు నెలల సంది ఒక్క గదిల ఉంటున్నం,
ఆ పిల్ల అంతగనం నవ్వుతదని
నాకు తెల్వది.

కింద మిగిలిన జానెడుల కెల్లి
ఎండ రోజూ మూడింటికి వస్తది.
నేల మీద పాకి, చెప్పులు దాటి,
బియ్యం డబ్బా కాడ ఆగుతది.
దాన్ని మూసెతందుకు
సారక్క పాత చున్నీ ముక్క తీసింది,
సూదికి దారం గూడ ఎక్కించింది.
రేపు, రేపు అనుకుంట
నెల దాటింది.
సూది ఇంకా సున్నం గోడకే గుచ్చి ఉన్నది.
యాదగిరి సారు చూస్తే
సూదికెంత కోస్తడో.